సమాధానం ఎవరి చేతి నుంచి మొదలవ్వాలి

ముప్పై ఆరేళ్లు పాస్టరు పని చేసి రిటైరయ్యాను. వీడ్కోలు సభలో నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అవన్నీ విని మా ఆవిడ సుగుణ నా చెవి దగ్గరకు వంగి, "ఎవరండీ ఆయన? మనకు తెలిసినవారేనా?" అని అడిగింది. కాబట్టి నా గొప్పలు ఇక్కడ రాయను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఆదివారం సాయంత్రాలు మా ఇంటికి వస్తుంటారు. ప్రసంగం ఎలా తయారు చేసుకోవాలి, కమిటీ పెద్దలతో ఎలా నెగ్గుకురావాలి, బదిలీ ఏ ఊరికి అడిగితే మంచిది అని అడుగుతారు. బదిలీల గురించి నాకు తెలిసింది తక్కువ. ప్రసంగాల గురించి ఇంకా తక్కువ. వాళ్లు అడగని సంగతి ఒకటి మాత్రం కాస్త తెలుసు. ఒక మనిషి ఇంకో మనిషిని కొట్టి గాయపరిచాడు, ఇద్దరూ ఒకే గుడిలో కూర్చునేవాళ్లు. అప్పుడు పాస్టరు ఏం చేయాలి, ఏం చేయకూడదు? ఏం చేయకూడదో నాకు బాగా తెలుసు, ఎందుకంటే అవన్నీ వరసగా చేశాను.

సెమినరీలో క్షమాపణ గురించి మాకు చాలా చెప్పారు. దేవుడు మనిషిని ఎలా క్షమిస్తాడు, దానికి ఎంత ఖర్చు పెట్టాడు, సిలువ అంటే ఏమిటి, అన్నీ నోట్సు రాసుకున్నాను. ఒకడి చెయ్యి ఇంకొకడు చితక్కొట్టాక సోమవారం పొద్దున వాళ్లిద్దరూ పక్కపక్కన ఎలా పనిచేస్తారన్నది ఆ నోట్సులో లేదు. అది మాదాపూర్‌లో నేర్చుకున్నాను.

రాళ్ల ఊరు

అరవైల చివర్లో మొదటి పోస్టింగు అక్కడే. నాది గుంటూరు వైపు. మాగాణి చూసి పెరిగినవాణ్ణి. బస్సు దిగి చూస్తే ఎటు చూసినా ఇంతింత బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. ఈ బండలు పోయి ఇక్కడ అద్దాల మేడలు వస్తాయని అప్పుడు ఎవరైనా అని ఉంటే, పాపం అనుకుని ఆ మనిషి కోసం ప్రార్థన పెట్టించేవాణ్ణి.

మాదాపూర్, పుప్పాలగూడ, బాచుపల్లి మూడు ఊళ్ల సంఘాలకూ కలిపి ఒక పాస్టరు, ఒక సైకిలు. పాస్టరు కంటే సైకిలుకే మొండితనం ఎక్కువ. బాచుపల్లి దారిలో కనీసం రెండుసార్లు చైను ఊడేది. నల్ల చేతులతో వెళ్లి తెల్ల అంగీ వేసుకుని నిలబడితే పిల్లలు నవ్వేవారు.

మాదాపూర్ సంఘంలో ఎక్కువమంది రాళ్లు కొట్టేవాళ్లు. ఇళ్ల పునాదులకు రాయి, పొలాల చుట్టూ పాతే రాతి కడీలు వాళ్లే కొట్టేవారు. గుడి గోడలు కూడా వాళ్లు కొట్టిన రాయే. పైన రేకులు. వాన పడితే నా ప్రసంగం ఒక్క ముక్క వినబడేది కాదు. వాన కోసం వాళ్లు అంత ఆసక్తిగా ప్రార్థించడంలో చేల వాటా ఎంతో, నా ప్రసంగం వాటా ఎంతో నేను ఎన్నడూ అడగలేదు.

ఆ గుడిలో ఒక పద్ధతి ఉండేది. నెలకోసారి ప్రభురాత్రి భోజనం రోజున, రొట్టె విరవడానికి ముందు ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, ఇచ్చుకునేవారు. పాస్టరు బల్ల దగ్గర నుంచి దిగి, ముందు వరసలోని మనిషి కుడి అరచేతికి తన కుడి అరచెయ్యి ఆనించి, పైన ఎడమ చెయ్యి మూసి, "దేవుని సమాధానం నీకు" అంటాడు. అతను అదే మాటతో పక్కవాడికిస్తాడు. ఆడవాళ్ల వైపు సుగుణ మొదలుపెట్టేది. అలా చెయ్యి నుంచి చెయ్యికి చివరి చాప దాకా వెళ్లాలి. మధ్యలో ఎక్కడా ఆగకూడదు. అది నాకు భలే నచ్చేది.

సమ్మెట

దేవదానం గారికి అప్పటికి నలభై దాటాయి. ఆ చుట్టుపక్కల బండను ఆయనంత బాగా చదివినవాడు లేడు. బండ మీద నీళ్లు చల్లి, తడి ఆరుతున్నప్పుడు కుడి చేతి వేళ్లతో తడిమి చూసేవారు. ఎక్కడ వరసగా చిల్లులు వేస్తే ఎటు చీలుతుందో గీత గీసి చెప్పేవారు. చెప్పినట్టే చీలేది. మాట తక్కువ, వేళాకోళం ఎక్కువ.

ఆయన భార్య మరియమ్మ. ఆమె తమ్ముడు రాజయ్య నా ఈడువాడు, బావ దగ్గరే పనిచేసేవాడు. రాజయ్య సమ్మెట ఎత్తితే పక్కవాళ్లు పని ఆపి చూసేవారు. అంత బలం. ఓపిక మాత్రం బొత్తిగా లేదు.

ఒకరోజు మధ్యాహ్నం రాజయ్య కల్లు తాగి వచ్చాడు. బావ గీసిన గీతను పట్టించుకోకుండా తనకు తోచిన చోట చిల్లులు వేసి కొట్టాడు. పెద్ద బండ అడ్డదిడ్డంగా పగిలి కడీలకు పనికిరాకుండా పోయింది. దేవదానం గారు అందరి ముందూ, "మా బామ్మర్దికి బండకు, బర్రెకు తేడ తెల్వదు. ఏది గనపడ్తె అది కొడ్తడు" అన్నారు. అందరూ పడిపడి నవ్వారు. ఆయన నవ్వుతూనే పక్క బండ మీద చెయ్యి పెట్టి, "ఇగో, ఇటు జూడు, ఇక్కడ్నించి గొట్టాలె" అని చూపిస్తున్నారు. ఆ చేతి మీద సమ్మెట పడింది.

ఎడ్లబండి మీద వేసుకుని పట్నం పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. రెండు వేళ్లు తీసేశారు. మణికట్టు మళ్లీ సరిగ్గా వంగదన్నారు. రాజయ్య గోడకు ఆనుకుని కూలబడి, "జారింది అయ్యగారు, చేతులకెల్లి జారింది" అని ఏడుస్తున్నాడు. పక్కనే పనిచేస్తున్న నలుగురు అప్పటికే నాతో చెప్పారు, జారలేదని. రాజయ్య ముఖం చూస్తే నాకూ తెలిసింది.

కాసేపటికి పోలీసు ఒకాయన కాగితం పట్టుకుని వచ్చాడు. దేవదానం గారు మత్తులో ఉన్నారు. అక్కడ చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఏం జరిగిందని నన్నే అడిగాడు. "పనిలో సమ్మెట జారిందండీ" అన్నాను.

ఎందుకన్నాను? రాజయ్య జైలుకు పోతే మరియమ్మకు భర్త చెయ్యీ పోయె, తమ్ముడూ పోయె అనుకున్నాను. సంఘం రెండు ముక్కలవుతుంది అనుకున్నాను. దగ్గర్లో ఈస్టరు ఉంది, కొత్త పాస్టరు హయాంలో మొదటి ఈస్టరు, అది పాడవకూడదు అని కూడా అనుకున్నాను. చివరి కారణం రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అది ఉన్న మాట. ఆ ఆదివారం గుడిలో నిలబడి, "మన సహోదరుడు దేవదానం గారికి సమ్మెట జారి ప్రమాదం జరిగింది, ప్రార్థిద్దాం" అని మళ్లీ అదే చెప్పాను. రెండోసారి ఇంకా సులువుగా వచ్చింది.

గొప్ప కార్యం

నెలన్నర తరువాత దేవదానం గారు చేతికి కట్టుతో గుడికి వచ్చారు. నేను క్షమాపణ మీద గంట సేపు ప్రసంగించాను. ఆ రోజు వాన కూడా పడలేదు.

ముందే రాజయ్యకు చెప్పి ఆయన పక్కనే కూర్చోబెట్టాను. నా పథకం మీకు అర్థమయ్యే ఉంటుంది. సమాధానం చేతులు మారుతూ దేవదానం గారి దాకా వచ్చింది, ఆగింది. ఆయన చెయ్యి కదల్లేదు. నా వైపు చూశారు. ఆ చూపు ఏమి అడుగుతోందో కనిపెట్టేంత తెలివి నాకు అప్పుడు లేదు. బల్ల దగ్గర నుంచి గబగబా దిగాను. కట్టుకట్టిన చెయ్యి నేనే పట్టుకుని తీసుకెళ్లి రాజయ్య చేతిలో పెట్టాను. ఎవరో హల్లెలూయా అన్నారు. రాజయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. నేనూ ఏడ్చాను. దేవదానం గారొక్కరే ఏడవలేదు. రొట్టె పుచ్చుకోకుండా లేచి ఇంటికి వెళ్లిపోయారు. అలసిపోయి ఉంటారనుకున్నాను.

ఇంటికి వచ్చి, "ఈ రోజు దేవుడు మన గుడిలో గొప్ప కార్యం చేశాడు సుగుణా" అన్నాను.

"దేవుడు చేశాడా, మీరు చేశారా?" అంది. పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను.

తరువాత వరసగా మూడు ఆదివారాలు దేవదానం గారు రాలేదు. నాలుగో వారం మరియమ్మ ఒక్కతే మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, అరుగు మీద కూర్చుంది.

"అయ్యగారు, ఒక్క మాట అడుగుత. కోపం జెయ్యొద్దు."

"అడగమ్మా."

"మా ఆయన చెయ్యి కట్టు ఇప్పినంక ఎన్నడన్న జూసిండ్రా?"

చూడలేదన్నాను.

"నేను మెల్లగ కడుగుతుంటెనే పండ్లు కొరుక్కుంటడు. గసొంటి చెయ్యిని మీరు అందరి ముందట వట్టి గుంజిండ్రు. రాజయ్య నా తమ్ముడే. సంకల ఎత్తుకొని పెంచిన పోరడు. నాకు వాడు గావాలె, ఈయన గావాలె. గని మీరు జేసింది ఏందయ్యగారు? ఒకసారి వాడు గొట్టిండు. ఇంకోసారి మీరు గొట్టిండ్రు."

"ఆయన ఏమంటున్నారు?" అన్నాను.

"ఏమంటడు? 'అయ్యగారే జారింది అన్నడు గద. జారినదానికి మాఫీ ఎందుకు?' అంటుండు."

పిల్లలూ, ఆ ప్రశ్నకు సెమినరీలో జవాబు లేదు. ఆ ప్రశ్నే జవాబు. జరిగింది తప్పు అని ఒప్పుకోనిచోట క్షమించడానికి ఏమీ ఉండదు. తప్పును ప్రమాదం అన్నవాడు దెబ్బ తిన్న మనిషి దగ్గర క్షమించే అవకాశం కూడా లాక్కుంటాడు. నేను చేసింది అదే.

పెద్దయ్యగారు

మా మీద అధికారిగా ఉన్నాయన్ని అందరం పెద్దయ్యగారు అనేవాళ్లం. ఆయన ఆ ప్రాంతం మనిషే. ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఆయనలో అధికారికి ఉండకూడని గుణాలు చాలా ఉన్నాయి. ఎవరైనా ప్రసంగిస్తుంటే నిద్రపోయేవారు, గురక కూడా పెట్టేవారు. మెచ్చుకోవడం ఆయన వల్ల అయ్యేది కాదు. ఉత్తరాలకు జవాబు రాయరు. కానీ మనిషి చెప్పేది చివరి దాకా వినేవారు. నా సర్వీసులో ఆ ఒక్క గుణం ఉన్న అధికారులను ఇద్దరినే చూశాను.

వెళ్లి జరిగిందంతా చెప్పాను. సీతాఫలం తింటూ, గింజలు ఒక్కొక్కటే ఊస్తూ విన్నారు.

"దవాఖానల ఏమన్నవ్?"

"జారిందన్నానండీ."

"ఊఁ. అర్పణ బలిపీఠం కాడనే ఇడిచిపెట్టి ముందుగాల పొయ్యి సమాధానపడు అన్నడు గద ప్రభువు. ఎవర్ని పొమ్మన్నడు? దెబ్బ తిన్నోన్నా, కొట్టినోన్నా?"

కొంచెం ఆలోచించి, "ఎవరి మీద అవతలివాడికి ఫిర్యాదు ఉందో వాణ్ణండీ. అంటే కొట్టినవాణ్ణి" అన్నాను.

"మరి నువ్వెవర్ని లేపినవ్?"

"దేవదానం గారినండీ."

"సెమినరీల ఈ సబ్జెక్టుల ఎన్ని మార్కులు?"

"డెబ్బై రెండండీ."

"ఎక్కువేసిండ్రు" అన్నారు. తరువాత చెయ్యి కడుక్కుని వచ్చి, కాస్త మెత్తగా చెప్పారు. "ముందుగాల రాజయ్య నోట నిజం రానీ. అటెనుక దేవదానం ఎట్లంటే అట్ల, ఎన్ని దినాలంటే అన్ని దినాలు. కేసు పెట్టాల్నా వద్దా అని ఆయన్నే అడుగు. ఆ హక్కు నువ్వు గుంజుకున్నవ్, వాపసియ్యి."

"ఆయన ఎప్పటికీ క్షమించకపోతే?"

"అది ఆయన, దేవుడు సూసుకుంటరు. నువ్వు మాత్రం ఆయనకు రొట్టె ఇచ్చుడు బంద్ చెయ్యకు."

జారలే

రాజయ్యతో మాట్లాడటం కష్టమైంది. వాడు అప్పటికే సంతోషంగా ఉన్నాడు. "దేవుడు నన్ను మాఫ్ చేసిండు అయ్యగారు. గుడిల ఏడ్సిన గద, ఆడ్నే ఎరికైంది. దిల్ హల్కగైంది" అన్నాడు.

"నీ దిల్ తేలికైంది, బాగుంది. ఆయన చెయ్యి తేలికైందా?"

వాడికి కోపం వచ్చి వెళ్లిపోయాడు. రెండు వారాలు నాకు కనబడలేదు. ఈ పనిలో మనం మాట అన్నాక అవతలివాడు కనబడకుండా పోయే రోజులు ఉంటాయి. ఆ రోజుల్లో వెంటపడకూడదు. నేను వెంటపడకపోవడానికి కారణం జ్ఞానం కాదు, సైకిలు మరమ్మతులో ఉంది.

వాడే వచ్చాడు. "ఏమనాలె అయ్యగారు?" అన్నాడు.

"ఏం జరిగిందో అదే చెప్పు. 'కానీ' అనే మాట వాడకు."

ఇద్దరం దేవదానం గారి ఇంటికి వెళ్లాం. ఆయన వాకిట్లో కూర్చుని ఉన్నారు. కట్టు లేదు. ఆ చెయ్యి అప్పుడు చూశాను మొదటిసారి. రాజయ్య నిలబడే చెప్పాడు.

"బావా, జారలే. కొట్టిన. అందరు నవ్విండ్రని కొట్టిన. నీ చెయ్యి ఆడ ఉన్నదని ఎరికుండే కొట్టిన."

మరియమ్మ గడపలో కూర్చుని ఏడుస్తోంది. దేవదానం గారు బామ్మర్దిని కూర్చోమనలేదు. "రేపు బండ కాడికి రా. నేను గీత వెడ్త. నేను జెప్పిన కాడనే కొట్టాలె" అన్నారు. అంతే. క్షమించాననలేదు.

పెద్దయ్యగారు చెప్పినట్టు కేసు సంగతి అడిగాను. "ఇగ వద్దు. అప్పుడు అడిగితె పెడ్తుంటి" అన్నారు. ఆ మాట నాకు బాగా తగిలింది. వెంటనే నేను కూడా, "మీ తరఫున అబద్ధం చెప్పాను, మీ చెయ్యి అలా లాగాను, నన్ను క్షమించండి దేవదానం గారూ" అన్నాను.

"చాయ్ తాగుండ్రి అయ్యగారు" అన్నారు.

క్షమించేశారనుకుని రెండు గ్లాసులు తాగి వచ్చాను.

ఇయ్యాల కాదు

మర్నాటి నుంచి రాజయ్య వెళ్లాడు. బావ ఎడమ చేత్తో గీత గీస్తారు, వాడు చిల్లు వేస్తాడు. ఎక్కడన్నారో అక్కడే, ఎన్నన్నారో అన్నే. ఒక మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. అంత వేళాకోళం మనిషి బామ్మర్దితో ఒక్క పరాచికం ఆడేవారు కాదని తోటివాళ్లు చెప్పేవారు.

దేవదానం గారు మళ్లీ గుడికి రావడం మొదలుపెట్టారు, వేరే చాప మీద. సమాధానం తన దాకా వచ్చినప్పుడు ఎడమ చెయ్యి కొంచెం పైకెత్తి, "ఇయ్యాల కాదు" అనేవారు. ఇచ్చేవాడు ఆయన్ని దాటి వెనకవాడికిచ్చేవాడు. మొదటి నెల గుడి అంతా బిగుసుకుపోయింది. మూడో నెలకు అలవాటైపోయింది. రొట్టె మాత్రం పుచ్చుకునేవారు. కమిటీ పెద్ద ఒకాయన నా మీదికి వచ్చాడు. "సమాధానం ఇయ్యనోనికి రొట్టె ఎట్లిస్తరు?" అన్నాడు. రొట్టె మంచివాళ్లకిచ్చే బహుమానం కాదన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. ఆ విషయంలో ఇప్పటికీ నాదే సరైన పని అంటాను. దెబ్బ తిన్న మనిషిని క్షమించేదాకా బల్ల దగ్గరకు రావద్దంటే, కొట్టినవాడికి ఒక శిక్ష, తిన్నవాడికి రెండు శిక్షలు.

నేను మాత్రం ప్రతి నెలా ఓరకంట చూసేవాణ్ణి, ఇవాళైనా చెయ్యి ఇస్తారేమో అని. సుగుణ ఒకసారి అననే అంది. "కోడి గుడ్డు పెట్టిందా లేదా అని గంప ఎత్తి చూసినట్టు చూస్తున్నారండీ. అలా చూస్తే అదీ పెట్టదు."

పుప్పాలగూడలో ఆ రోజుల్లోనే ఒకామె వాచిన ముఖంతో వచ్చింది. వెనకాలే భర్త. "మీరు జెప్తే ఇంటది, జర మాఫ్ చెయ్యమనుండ్రి అయ్యగారు" అన్నాడు, పాస్టరంటే ఆ పనికే జీతం ఇస్తారన్నట్టు. ఏడాది కింద అయితే ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి ప్రార్థన చేసి ఇంటికి పంపేవాణ్ణి. ఈసారి ఆమెను బాచుపల్లిలో తల్లిగారింటికి పంపించాను. "నువ్వు అక్కడికి వెళ్లి, ఏం చేశావో ఆమె అమ్మానాన్నల ముందు చెప్పు. తరువాత వస్తుందో రాదో ఆమె ఇష్టం" అన్నాను. వాడు వెళ్లలేదు. ఆమె వెనక్కి రాలేదు. మేకలు పెంచుకుని హాయిగా బతికింది. పాటల్లో అందరికంటే గట్టిగా, అందరికంటే శ్రుతి తప్పి పాడేది. క్షమించడం ఒక్కరే చేయగల పని. కలిసి బతకడం ఇద్దరూ నిజం మీద నిలబడితేనే అయ్యే పని. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని బలవంతం చేయకండి. చనిపోయి తిరిగి లేచిన ప్రభువు ఒంటి మీద కూడా గాయాలు మాయం కాలేదు. ఆయనే శిష్యులను రమ్మని చూపించాడు. గాయం కప్పేయమని చెప్పే సువార్త నాకు తెలియదు.

నాలుగు నెలల తరువాత నాకు తెలిసింది

ఏడాది దాటింది. ప్రతి ఆదివారం నేను ప్రార్థనలో, పేర్లు చెప్పకుండా, "సమాధానం లేని హృదయాలను మెత్తబరచు ప్రభువా" అనేవాణ్ణి. పేర్లు చెప్పకపోయినా అందరూ ఆ ఇద్దరి వైపే చూసేవారు.

ఒక పొద్దున మరియమ్మ అటుగా పోతూ మా వాకిట్లో ఆగింది. అలవాటుగా అడిగాను. "ఏమ్మా, ఆయన ఇంకేమైనా మెత్తబడ్డారా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏందయ్యగారు, మీకెరికలేదా? వాళ్లిద్దరు గలిసి నాలుగు నెలలాయె."

నేను అక్కడే కూర్చుండిపోయాను.

"ఎక్కడ? ఎలా?"

"బండ కాడ. సద్ది తింటుండ్రట. ఈయనకు ఎడమ చేత్తోని ఉల్లిగడ్డ పలగలే. రెండు మాట్ల గొట్టి సూసిండు, ఎగిరిపొయ్యింది. అప్పుడు, 'అరే బామ్మర్ది, ఇటు రా. జర దీన్నన్న సక్కగ కొట్టు' అన్నడంట. వాడు ఉల్లిగడ్డ పట్టుకొని ఒకటే ఏడ్సుడు. ఈయన ఒకటే నవ్వుడు. గంతే. అప్పట్నించి ఒక్క దాంట్లనే తింటుండ్రు."

నాలుగు నెలలుగా వాళ్లిద్దరూ ఒకే గిన్నెలో తిని, ఆదివారం గుడికి వచ్చి, వేర్వేరు చాపల మీద కూర్చుని, తమ హృదయాలు మెత్తబడాలన్న నా ప్రార్థనకు ఆమెన్ చెప్పారు. నాకు నవ్వు ఆగలేదు. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. కాసేపటికి నేను అడిగాను.

"మరి గుడిలో 'ఇయ్యాల కాదు' అంటున్నారెందుకు?"

మరియమ్మ నవ్వు ఆపింది.

"అది రాజయ్య గురించి గాదు అయ్యగారు. మీరు ఆ గుడిల నిలవడి జారింది అన్నరు. మా ఇంటికొచ్చి తప్పైంది అన్నరు, లేదనను. గని గుడిల అన్న మాట గుడిలనే ఉన్నది. చిన్న పిల్లలు సుత సమ్మెట జారిందనే చెప్పుకుంటరు. ఆడ కూసొని దేవుని సమాధానం ఎట్లియ్యాలె అంటడు. వాళ్లిద్దరిది అయిపొయ్యింది. మీరొక్కలే మిగిలిండ్రు."

ఏడాదిగా నేను ఎవరి కోసం ఎదురుచూస్తున్నానో వాళ్లు నా కోసం ఎదురుచూస్తున్నారు. నాకు భయం కూడా వేసింది. పాస్టరు అబద్ధమాడాడని నా నోటితోనే చెబితే ఆ గుడిలో ఇక నా మాట ఎవరు వింటారు? రాజయ్యకు ఇబ్బంది అవుతుందేమో అని వాణ్ణి అడిగాను. అడగడంలో సగం, వద్దంటాడేమో అన్న ఆశ. వాడు, "నేను బండ కాడ అందరికి ఎప్పుడో చెప్పిన. అందరికెరికే. మీరొక్కలే పరేషానైతుండ్రు" అన్నాడు.

సుగుణకు చెబితే, "మాట పోతుందని భయమా? ఉన్నప్పుడు మాత్రం ఎవరు విన్నారండీ" అంది. తరువాత నా అంగీ తీసుకుని తనే ఇస్త్రీ చేసింది.

ఆ నెల భోజనం ఆదివారం నేను ప్రసంగం చేయలేదు. బల్ల ముందు నిలబడి చెప్పాను. "సమ్మెట జారలేదు. ఆ రోజే నాకు తెలుసు. దవాఖానలో అబద్ధం చెప్పాను. ఇక్కడే నిలబడి మీ అందరికీ మళ్లీ చెప్పాను. తరువాత దేవదానం గారు ఇవ్వని చేతిని లాక్కున్నాను. తప్పు చేశాను." ఎవరూ హల్లెలూయా అనలేదు. రాజయ్య తల దించుకుని కూర్చున్నాడు. చిన్నపిల్లలు అమ్మల ముఖాలు చూస్తున్నారు.

ఇక సమాధానం ఇవ్వాలి. పద్ధతి ప్రకారం అది నా చేతి నుంచే మొదలవ్వాలి. నేను కిందికి దిగలేకపోయాను. ఏ ముఖంతో ఇవ్వను? అలాగే నిలబడిపోయాను.

దేవదానం గారు లేచారు. చాపల మధ్య నుంచి నడుచుకుంటూ నేరుగా బల్ల దగ్గరకు వచ్చారు. ఆ గుడిలో అలా ఎవరూ ఎన్నడూ రాలేదు. మూడు వేళ్లు మిగిలిన కుడి చేతిని నా ముందు చాపారు. నాకు కళ్లు మసకబారాయి. ఆ చేతిని రెండు చేతులతో గబుక్కున పట్టుకుని, వదిలితే పోతుందన్నట్టు గట్టిగా మూశాను. ఆయన ముఖం చిట్లించి, గుడి అంతా వినబడేలా అన్నారు.

"మెల్లగ పట్టుండ్రి అయ్యగారు. ఇంకా నొస్తది."